ఆకర సంచయమును తరలించు విధము: కంప్యూటరు మాఱునపుడు పరిశోధకుడు గమనింపవలసిన విషయములు

పెనుకొండ శాసనములను గాని, లేపాక్షి చిత్రకళను గాని, ధర్మవరపు నేతగాండ్ర పదజాలమును గాని పరిశోధనాంశముగ గ్రహించిన విద్యార్థి నాలుగైదు వత్సరములలో వందలకొలది ఆకరముల వివరములను సమకూర్చుకొనుచున్నాడు. పూర్వ మీ వివరములు కాగితపు చీట్ల మీద నుండెడివి. చీట్ల పెట్టెను ఒక యింటి నుండి వేఱొక యింటికి మోసికొని పోయినచో దానితో సర్వమును వచ్చెడిది. నేడు ఆ చీట్ల స్థానమును ఆకర నిర్వహణ సాఫ్ట్‌వేర్లు ఆక్రమించినవి. జొటేరో, మెండలీ, ఎండ్‌నోట్, జాబ్‌రెఫ్ అనునవి వీనిలో సుపరిచితములు. వీనియందు పద్దులు చేర్చుట యెట్లో, రచనలో ఉల్లేఖమును చొప్పించుట యెట్లో బోధించువారు పెక్కుమంది కలరు. కంప్యూటరు మాఱినపుడు ఆ సంచయమును భద్రముగ తరలించుట యెట్లో చెప్పువారు అరుదు. ఈ వ్యాసము ఆ యొక్క విషయమునకు పరిమితము.

మన ప్రాంతపు పరిశోధకునకు ఈ యవసరము తఱచుగ కలుగుచుండును. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును గుంతకల్లు-బెంగుళూరు రైలు మార్గముపై నున్న ఊళ్లు. విద్యార్థి నివాసము ధర్మవరమునను, ఉద్యోగము హిందూపురమునను, క్షేత్రము పెనుకొండ యందును, విశ్వవిద్యాలయము అనంతపురమునను ఉండుట వింత కాదు. ఇంట నొక కంప్యూటరు, కళాశాలలో నొకటి, రెంటికి నడుమ జేబులో నొక పెన్‌డ్రైవు. ఇది చాలనట్లు, పరిశోధన ముగియులోపల ఒక యంత్రము చెడుటయో, క్రొత్తది కొనుటయో ఒక్క పర్యాయమైనను జరుగక మానదు.

ఆకర సంచయ మనగా నేమో ముందుగ స్పష్టపఱచుకొనవలెను. తెఱమీద మనకు కన్పట్టునది పద్దుల పట్టిక మాత్రమే. రాబర్ట్ స్యూయెల్ 1882లో ప్రకటించిన మదరాసు రాజధాని ప్రాచీనావశేషముల పట్టిక, డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన 1905 నాటి అనంతపురము జిల్లా గెజెటీరు, వి. రంగాచార్య 1919లో వెలువరించిన శాసనస్థల పట్టిక, విజయనగర రాజుల తెలుగు శాసనములు గల దక్షిణ భారత శాసనముల 16వ సంపుటము (1972) అనునవి అందు ఒకదాని క్రింద నొకటి నిలిచియుండును. ఈ పద్దులు, వానికి మనము వ్రాసికొన్న టిప్పణములు, వర్గనామములు ఒక డేటాబేసు ఫైలులో నుండును. జొటేరోలో దాని పేరు జొటేరో.ఎస్‌క్యూలైట్. పద్దులకు జతపఱచిన పీడీఎఫ్ గ్రంథములు, శాసన ఛాయాచిత్రములు వేఱుగ స్టోరేజ్ అను ఫోల్డరులో నుండును. వీనికి తోడు కంటికి కానరాని మూడవ దొకటి కలదు: ఏ పద్దునకు ఏ ఫైలు చెందినది, సిద్ధాంత వ్యాసములోని ఏ ఉల్లేఖము ఏ పద్దును సూచించుచున్నది అను సంబంధము. తరలింపులో నశించునది తఱచుగ ఈ మూడవదియే. అది నశించినట్లు వెంటనే తెలియకపోవుట ఇందలి ప్రమాదము.

ఈ సంబంధము ఎట్లు నిలుచునో శాసన పరిశోధకులకు సులభముగ చెప్పవచ్చును. శాసన శాఖ వార్షిక నివేదికలో ప్రతి శాసనమునకు సంవత్సరముతో కూడిన సంఖ్య యొకటి ఇవ్వబడును. ఆ శాసనమే రంగాచార్య పట్టికలో మఱొక సంఖ్యతోను, దక్షిణ భారత శాసన సంపుటములో వేఱొక సంఖ్యతోను కన్పట్టును. అయినను వార్షిక నివేదిక సంఖ్యను పట్టుకొని ఆ మూడును ఒకే రాతికి చెందినవని మనము నిర్ణయించుచున్నాము. ఆ సంఖ్యను ఎవరైన తుడిచివైచి, ఉన్న రాళ్లకే క్రొత్త సంఖ్యలు వేసినచో రాయి యథాస్థానమున నున్నను పూర్వ వ్యాసములలోని సూచనలన్నియు నిరాధారములగును. జొటేరో ప్రతి పద్దునకును ఎనిమిది అక్షరముల గుర్తు నొకదాని నొసగును. వర్డు ఫైలులో మనము ఉల్లేఖమును చొప్పించినపుడు తెఱమీద గ్రంథకర్త పేరు, సంవత్సరము మాత్రమే కన్పించినను, లోపల ఈ గుర్తు దాగియుండును. మన వార్షిక నివేదిక సంఖ్య ఎట్టిదో ఈ గుర్తు అట్టిది.

ఇప్పుడు తఱచుగ జరుగు పొరపాటు ఏదియో గ్రహింపవచ్చును. సాఫ్ట్‌వేరులో ఎగుమతి యను ఆజ్ఞ కలదు. దానిచే సంచయ మంతయు ఒక ఫైలుగ వెలువడును. క్రొత్త యంత్రములో దిగుమతి యను ఆజ్ఞ కలదు. తరలించుటకు ఇంతకంటె ఋజుమార్గ మేమున్నదని ఎవరికైనను తోచును. కాని దిగుమతి చేసినపుడు సాఫ్ట్‌వేరు ప్రతి పద్దును అప్పుడే పుట్టినదానిగ భావించి క్రొత్త గుర్తు నొసగును. పద్దు చేర్చిన తేది కూడ దిగుమతి నాటి తేదియే యగును. అనగా ఏ గ్రంథమును ముందు చూచితిమో, ఏది పిమ్మట చూచితిమో తెలుపు క్రమము పోవును. రిస్ అను రూపమున ఎగుమతి చేసినచో మనము అధ్యాయముల వారీగ ఏర్పఱచుకొన్న విభాగములును రావు. జొటేరో తన స్వంత ఆర్‌డీఎఫ్ రూపమున విభాగములను కాపాడును గాని, గుర్తులను అదియు కాపాడదు.

దీని ఫలితము నే నెఱిగిన ఒక విద్యార్థి సిద్ధాంత వ్యాసమున ప్రత్యక్షమైనది. నాలుగు అధ్యాయములు పాత కంప్యూటరు మీద ముగించి, సంచయమును రిస్ రూపమున తరలించి, ఐదవ అధ్యాయమును క్రొత్త కంప్యూటరు మీద వ్రాసినాడు. చివర ఉపయుక్త గ్రంథసూచిని వెలువరింపగా దక్షిణ భారత శాసనముల 16వ సంపుటము రెండు పర్యాయములు వచ్చినది. వ్యాసములో దాని సంవత్సరము ఒకచోట 1972ఎ అనియు, వేఱొకచోట 1972బి అనియు అచ్చైనది. సాఫ్ట్‌వేరు దృష్టిలో అవి ఒకే సంపాదకుడు ఒకే సంవత్సరమున వెలువరించిన రెండు వేర్వేఱు గ్రంథములు. మొదటి నాలుగు అధ్యాయముల ఉల్లేఖములు అనాథలైనవి. వాని వివరములు వర్డు ఫైలులోనే నిక్షిప్తమై యుండుటచే అచ్చునకు వచ్చును గాని, సంచయములో తప్పు దిద్దినచో ఆ దిద్దుబాటు వానికి సోకదు. సమర్పణకు నెల దినములున్న తరుణమున ఆతడు ఒక్కొక్క ఉల్లేఖమును తొలగించి మఱల చొప్పింపవలసి వచ్చినది. పరీక్షకుని చేతికి ఆ ఎ-బి అక్షరములతోనే చేరినచో ఏమని భావించునో ఊహింపవచ్చును. లేని గ్రంథము నొకదానిని సృష్టించినట్లు తోచును.

సరియైన మార్గము ఎగుమతి కంటెను సులభమైనది. ఫోల్డరు నంతటిని ఉన్నదున్నట్లుగ మోసికొని పోవుట. జొటేరోలో సెట్టింగ్స్ యందు అడ్వాన్స్‌డ్ అను భాగమున డేటా డైరెక్టరీ ఎచట నున్నదో చూపు మీట కలదు. సాధారణముగ వాడుకరి పేరిట నుండు ఫోల్డరులో జొటేరో అను పేర నుండును. ముందుగ సాఫ్ట్‌వేరును పూర్తిగ మూసివేయవలెను. తెఱచియుండగా నకలు తీసినచో డేటాబేసు సగము వ్రాయబడిన స్థితిలో రావచ్చును. పిదప ఆ ఫోల్డరును ఏమియు వదలక, ఏమియు సర్దక, బయటి డిస్కునకు ఎక్కించి, క్రొత్త యంత్రమున అదే స్థానమున నుంచవలెను. విండోస్ నుండి లినక్స్‌నకు గాని, మ్యాక్‌నకు గాని మాఱినను ఈ ఫోల్డరే చెల్లును. మనము దిద్దుకొన్న ఉల్లేఖన శైలుల ఫైళ్లును ఇందే యుండుటచే అవియు వచ్చును. అదనపు ఉపకరణములు, కొన్ని అభిరుచి నిర్ణయములు మాత్రము వేఱుచోట నుండును గనుక వానిని క్రొత్తగ ఏర్పఱచుకొనవలెను.

స్టోరేజ్ ఫోల్డరును తెఱచి చూచినవారికి ఎనిమిదేసి అక్షరముల అర్థము కాని పేర్లతో వందలకొలది చిన్న ఫోల్డర్లు కన్పట్టును. శుచిగ నుండుట యలవాటైన విద్యార్థి కొందఱు వీనిని చూచి సహింపలేక, పీడీఎఫ్‌లను బయటికి తీసి, పెనుకొండ-1, పెనుకొండ-2 అని పేర్లు పెట్టి వరుసగ అమర్చుదురు. ఆ శుచిత్వము ప్రమాదకరము. పేరు మాఱినచో సాఫ్ట్‌వేరునకు ఆ ఫైలు కానరాదు. పీడీఎఫ్‌లు దక్కినచో చాలునను భావమును సరికాదు. 2022లో వచ్చిన ఆఱవ రూపము మొదలు జొటేరోలోనే గ్రంథమును తెఱచి చదివి, రంగుగీతలు గీచి, అంచున టిప్పణములు వ్రాయు సౌకర్య మేర్పడినది. ఆ గీతలు, ఆ టిప్పణములు పీడీఎఫ్‌లో నుండవు, డేటాబేసులో నుండును. పీడీఎఫ్‌లను మాత్రము మోసికొని పోయినవాడు అచ్చమైన గ్రంథమును మోసికొని పోవును, తన చదువును వదలి పోవును.

క్షేత్ర ఛాయాచిత్రముల విషయమున మఱొక చిక్కు కలదు. పెనుకొండ కోటలోను, లేపాక్షి వీరభద్రాలయములోను తీసిన వందల ఛాయాచిత్రములను సంచయములోనికి చేర్పక, కంప్యూటరులోని డి భాగమున నొక ఫోల్డరులో నుంచి, పద్దు నుండి దానికి దారి మాత్రము చూపు విధాన మొకటి కలదు. స్థలము కలసివచ్చును గనుక పలువు రిట్లే చేయుదురు. కాని ఆ ఛాయాచిత్రములు జొటేరో ఫోల్డరులో లేవు. ఆ ఫోల్డరును మోసినంత మాత్రమున అవి రావు. వానిని విడిగ మోసినను, క్రొత్త యంత్రమున డి భాగము లేక ఇ భాగమున నుంచినచో దారి తప్పును. ఇట్టి దారులకు మూలస్థాన మొకటి నిర్ణయించుకొను ఏర్పాటు అడ్వాన్స్‌డ్ భాగముననే కలదు. దానిని పాత యంత్రము మీదనే నిర్ణయించుకొన్నచో క్రొత్త యంత్రమున ఆ యొక్క స్థానమును మాత్రము మార్చిన చాలును, దారులన్నియు సరిపడును.

రెండు యంత్రములను నిత్యము వాడువారికి, అనగా ఉదయము హిందూపురములోను, రాత్రి ధర్మవరములోను వ్రాసికొనువారికి, ఫోల్డరును ప్రతిదినము మోయుట తగదు. ఏ ప్రతి క్రొత్తదో, ఏది పాతదో మూడు దినములలో తెలియకుండ పోవును. వీరు జొటేరో ఖాతా నొకటి తెఱచి అనుసంధానము చేసికొనవలెను. పద్దుల అనుసంధానమునకు పరిమితి లేదు, రుసుము లేదు. ఫైళ్లకు మాత్రము ఉచితముగ 300 మెగాబైట్ల స్థలమే లభించును. ఒక ఛాయాచిత్రము 5 మెగాబైట్లుండినచో 60 ఛాయాచిత్రములతో అది నిండును. కావున పద్దులను అనుసంధానించి, పెద్ద ఫైళ్లను విడిగ డిస్కు మీద మోయుట మనవారికి అనుకూలము. జొటేరో ఫోల్డరునే డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవు వంటి మేఘ భాండారములలో నుంచుట మాత్రము కూడదు. డేటాబేసు చెడునని ఆ సాఫ్ట్‌వేరు నిర్మాతలే హెచ్చరించియున్నారు. అనుసంధానమును భద్రప్రతిగ భావించుటయు సరికాదు. ఒక యంత్రమున పొరపాటున తుడిచినది రెండవ యంత్రమునను తుడువబడును.

పాత యంత్రముకంటె క్రొత్త యంత్రమున సాఫ్ట్‌వేరు పాతది కారాదు. నూతన రూపము తెఱచిన డేటాబేసును పూర్వ రూపము తెఱవజాలదు. కళాశాల ప్రయోగశాలలో ఎవరో ఎన్నడో ఎక్కించిన రూపమునే వాడు అలవాటు మనకు కలదు గనుక దీనిని చెప్పవలసి వచ్చినది.

ఇతర సాఫ్ట్‌వేర్లను గూర్చి కొంచెము చెప్పిన చాలును. ఎండ్‌నోట్‌లో ఇఎన్‌ఎల్ ఫైలును, దాని పేరనే యుండు డేటా ఫోల్డరును రెండు నొకటిగ తరలింపవలెను. రెంటిని ఒకే సంపీడిత ఫైలుగ కట్టు ఏర్పాటు అందే కలదు. అది ఉత్తమము. జాబ్‌రెఫ్ సంచయము కేవల మొక బిబ్ ఫైలు, సామాన్య పాఠ్యము. దానిని ఏ యంత్రముననైన తెఱవవచ్చును. ఉల్లేఖమునకు గుర్తుగ మనమే పెట్టుకొన్న పేరుండును గనుక సంబంధము తెగదు. మెండలీ 2013లో ఎల్స్‌వియర్ సంస్థ వశమైనది. 2018లో దాని డెస్క్‌టాప్ రూపము డేటాబేసును గూఢలిపిలో నుంచ నారంభించినది. 2022 సెప్టెంబరు నుండి ఆ డెస్క్‌టాప్ రూపమును క్రొత్తవారికి ఇచ్చుట మానివైచిరి. తన టిప్పణములు తన కంప్యూటరులోనే యున్నను అన్య సాధనముతో చదువ వీలుకాని స్థితి పరిశోధకునకు మంచిది కాదని నా యభిప్రాయము. ఇందుచేతనే నేను విద్యార్థులకు జొటేరోను గాని జాబ్‌రెఫ్‌ను గాని సూచింతును.

ఒక సాఫ్ట్‌వేరును వదలి మఱొకదానికి పోవునపుడు ఎగుమతి దిగుమతులు తప్పవు. తెలుగు పద్దులకు అసలు పరీక్ష అప్పుడే. ముందుగ లిపి సంగతి. యూనికోడు ప్రమాణములో తెలుగునకు 1991లోనే స్థాన మేర్పడినది. అయినను ముద్రణాలయములలో అను ఫాంట్ల వాడుక దీర్ఘకాలము సాగినది. ఆ ఫాంట్లలో కూర్చిన పాఠ్యము వాస్తవమునకు రోమను సంకేతముల పరంపర. ఆ ఫాంటు తొడిగినపుడే అది తెలుగుగ కన్పట్టును. ముద్రణాలయము నుండి తెచ్చిన గ్రంథసూచిని పద్దులలో అతికించినచో మిగులునది అర్థములేని అక్షరముల గుంపు. దానిని యూనికోడులోనికి మార్పించి, ఒక్కొక్క పేరును కంటితో సరిచూచి, పిదపనే సంచయములో చేర్పవలెను. యూనికోడు పద్దులనైనను ఎగుమతి చేయునపుడు యూటీఎఫ్-8 అను సంకేత పద్ధతిని ఎన్నుకొనవలెను.

తరువాత పేర్లు. మన యింటిపేరు ముందు, వ్యక్తినామము వెనుక. బిబ్‌టెక్ పద్ధతి కామా లేని పేరులో కడపటి పదమును ఇంటిపేరుగ గ్రహించును. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అని వ్రాసినచో అనంతకృష్ణశర్మ యింటిపేరును, రాళ్లపల్లి వ్యక్తినామమును అగును. అకారాది క్రమమున రకారమునందు వెదకవలసిన మన రాయలసీమ విద్వాంసుడు అకారమునందు చేరును. జొటేరోలో ఇంటిపేరు, వ్యక్తినామము అను రెండు గడులు కలవు, రెంటిని కలిపి ఒకే గడిగ చేయు మీటయు కలదు. రెండు గడులలో విడదీసి వ్రాసినచో ఎగుమతిలో కామా చేరి పేరు నిలుచును. అచ్చులో కామా వలదనుకొన్నచో దానిని శైలి ఫైలులో దిద్దవలెను గాని పద్దులో కాదు.

ఆ పేరే రాళ్లపల్లి, రాళ్ళపల్లి అని రెండు విధముల వ్రాయబడుచున్నది. కంప్యూటరునకు వారిద్దఱు. పెనుకొండ, పెనుగొండ, ఘనగిరి అను వర్గనామములు మూడును మూడు ఊళ్లు. పైగా గోదావరి మండలమున వేఱొక పెనుగొండ కలదు. ఇంతకంటె సూక్ష్మమైన దొకటి కలదు. పదాంతమున పొల్లును నిలుపుటకై కొన్ని కీబోర్డులు కంటికి కానరాని అక్షరము నొకదానిని చేర్చును. రాబర్ట్ అని ఇద్దఱు వ్రాసినపుడు రెండు పదములును చూపునకు ఒక్కటే. ఒకదాని చివర ఆ యదృశ్యాక్షర ముండుటచే వెదకునపుడు రెండవది దొరకదు. దిగుమతి పిమ్మట జంటపద్దులుగ తేలునవి కొన్ని ఇట్టివి. పాత యంత్రము మీదనే, తరలింపునకు ముందే, ఒకే గ్రంథమునకు గల జంటపద్దులను కలిపివైచుట మేలు. సాఫ్ట్‌వేరులోని విలీనపు ఆజ్ఞచే కలిపినచో పాత గుర్తును సూచించు ఉల్లేఖములు నష్టపడవు. ఒకదానిని తుడిచివైచినచో నష్టపడును.

ఇందు ప్రాంతీయమైన చిన్న విషయము. ఈ మూడు ఊళ్లును 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురము జిల్లాలో నుండి, ఆనాటి నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. కొందఱు విద్యార్థులు తరలింపు సందర్భమున పద్దులన్నింటిని శుద్ధి చేయు ఉత్సాహముతో అనంతపురము అను మాట కన్పట్టిన చోటెల్ల మార్చుచున్నారు. వర్గనామమున మార్చవచ్చును. గ్రంథనామమున మార్చరాదు. ఫ్రాన్సిస్ గెజెటీరు ఎన్నటికిని అనంతపురము జిల్లా గెజెటీరే. శక సంవత్సరములును ఇట్టివే. శాసన కాలమును తేది గడిలో శక సంవత్సరముగ వ్రాసినచో సాఫ్ట్‌వేరు దానిని క్రీస్తు సంవత్సరముగ భావించి 78 ఏండ్లు వెనుకకు నెట్టును. శక సంవత్సరమునకు టిప్పణమే తగిన చోటు.

మూలము నుండి విడివడిన పట్టికయు, పట్టిక నుండి విడివడిన మూలమును పరిశోధకుని ఎంత శ్రమపెట్టునో మెకంజీ సేకరణను వాడినవా రెఱుగుదురు. ఆయన 1821లో మరణించిన పిదప ఆ వ్రాతలు కొన్ని లండనునకును, కొన్ని మదరాసునకును చేరినవి. విల్సన్ పట్టిక 1828లో వెలువడినది. నేటికిని ఒక కైఫీయతును ఉదాహరింపదలచినవాడు ఏ భాండాగారపు ప్రతి, ఏ సంఖ్య అని చెప్పక తప్పదు.

తరలింపు ముగిసిన పిమ్మట పరీక్ష అవసరము. పాత యంత్రమున పద్దులెన్ని, క్రొత్తదానిలో నెన్ని యని సరిచూడవలెను. ఇరువది పద్దులను ఏఱి, వాని పీడీఎఫ్‌లు తెఱచుకొనుచున్నవో, గీతలు నిలిచియున్నవో చూడవలెను. పెనుకొండ యని వెదకి రెండు యంత్రములలోను ఒకే సంఖ్య వచ్చునో గమనింపవలెను. చివరకు సిద్ధాంత వ్యాసపు నకలు నొకదానిని, మూలమును కాదు, క్రొత్త యంత్రమున తెఱచి ఉల్లేఖములను నవీకరింపుమని ఆజ్ఞాపింపవలెను. ఉల్లేఖముపై నొక్కినచో అది సంచయములోని పద్దునకే దారితీయుచున్నదా, లేక పద్దు లేని వివరము మాత్రమే కలదా అనునది అచట తెలియును. ఒక్క ఉల్లేఖము అనాథగ తేలినను పాత యంత్రమునకు మరలిపోయి ఫోల్డరును మఱల నకలు తీయవలెను. ఈ కారణముచే పాత కంప్యూటరును అమ్ముట, తుడుచుట, తమ్మునికి ఇచ్చుట వంటివి మౌఖిక పరీక్ష ముగియువఱకు వాయిదా వేయుట యుక్తము.